సోదరీమణులతో: పెంచిన చేయి, పందెపుఁగోడి

గడచిన మాఘమాసములో మాకు వచ్చిన జాబులలో పల్నాటిసీమలోని రాజుపాలెమునుండి ఒక గృహిణి వ్రాసిన జాబు మమ్ము చాలదినములు ఆలోచనలో నుంచినది. గుంటూరునుండి మాచర్లకు పోవు బాటలో, సత్తెనపల్లి దాఁటిన పిదప పిడుగురాళ్లకు ముందుగా వచ్చు గ్రామమది. ప్రత్తియు మిరపయు పండు సీమ. మేము ఆమెకు నేరుగా బదులు వ్రాసితిమి. ఆమె యనుమతితో ఆ సంగతిని ఇప్పుడు సోదరీమణులందఱి యెదుట నుంచుచున్నాము. పేర్లు మాత్రము చెప్పము. కారణము చదివినవారికే తెలియగలదు.

ఆమెకు ఒక్కఁడే కుమారుఁడు. హైదరాబాదులో చలనచిత్రకళ నభ్యసించుచున్నాఁడు. సంక్రాంతికి ఇంటికి వచ్చుచు చిన్న కెమెరా నొకదానిని వెంట తెచ్చెను. రెండేండ్ల క్రిందట ఆమె పెరటిలో పొదిగించిన పిల్లలలో ఒకటి డేగరంగు పుంజై యెదిగినది. గంప క్రింద మూసి, పిల్లి బారినుండి కాచి, కాలికి ముల్లు గ్రుచ్చుకొన్ననాఁడు పసుపు అద్ది గుడ్డ కట్టి, ఆమెయే దానిని పెంచినది. ఏఁడాది నిండగానే మఱిది వచ్చి దానిని తన యింటికి కొనిపోయి పందెమునకు తయారుచేసెను. భోగినాఁడు ఒక తోటలో, ఏ యూరి తోటయో చెప్పబోము, ఆ పుంజు కాలికి కత్తి కట్టిరి. చిరంజీవి ఆద్యంతము చిత్రించెను. మఱిది తన భార్య మెడలోని గొలుసును తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్ము నొడ్డెను, ఓడెను.

ఆ రాత్రి చిరంజీవి చిత్రమును తల్లికి చూపుచు, “అమ్మా, చివర నువ్వు చూడలేవు, అక్కడ ఆపేస్తాను” అని ముందే చెప్పెనఁట. ఆమె చివరివఱకు చూచినది. “నాకు ఏడ్పు వచ్చినది చావు చూచినప్పుడు కాదు” అని వ్రాసినది. “బరిలో దింపగానే, చుట్టును జనులు కేకలు వేయుచుండగా, అది కాలితో నేల గీఱి గింజకొఱకు వెదకినది. మా పెరటిలో గీఱినట్లే గీఱినది. కాలికి కత్తి యున్నది గదా, నేల తెగినది, గింజ దొరకలేదు.”

ఇప్పుడు చిక్కు. ఈ చిత్రమును లోకమునకు చూపవలెనని చిరంజీవి పట్టు. జంతుహింస మాన్పుటకు ఇంతకంటె సాధనము లేదని యాతని వాదము. తోడికోడలు వచ్చి కాళ్లు పట్టుకొన్నది. చిత్రములో తన భర్త ముఖము స్పష్టముగా నున్నది, కేసు పెట్టుదురని యామె భయము. చూపుట ధర్మమా, దాచుట ధర్మమా అని సోదరి మమ్మడిగినది.

ఈ ప్రశ్న పల్నాటినుండి వచ్చినదను సంగతి మఱువరాదు. తెలుఁగుదేశములో కోడిపందెమునకు కథలో ఇంత పెద్దపీట వేసిన సీమ మఱియొకటి లేదు. మాచర్లపక్షమున బ్రహ్మనాయుఁడును, గురజాలపక్షమున నాయకురాలు నాగమ్మయు పుంజులను బరిలో దింపిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని పందెము. మాచర్లవారు ఓడి యడవుల పాలైరి. గడువు తీఱిన పిదప రాయబారమునకు వచ్చిన అలరాజును విషము పెట్టి చంపిరి. తుదకు పండ్రెండవ శతాబ్దమున కారెంపూడియొద్ద, నాగులేటి గట్టున, ఉభయపక్షముల వీరులును నేలకొఱగిరి. ఇందు నాగమ్మను నిందించుట మనవారికి పరిపాటి. పందెము ఒడ్డినవారు ఇరువురు. నింద మోసినది ఆఁడుది ఒక్కతె. ఇది వేఱొక నెల వ్రాయవలసిన మాట.

నేఁటికిని కార్తికమాసపు అమావాస్యతో ఆరంభించి కారెంపూడిలో అయిదుదినములు వీరుల యుత్సవములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. నాలుగవనాఁటి కోడిపోరు ఆనాఁటి పందెమునకు స్మారకము. ఈ కథను శ్రీనాథుఁడు ద్విపదగా రచించెనని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని అచ్చువేయించిరి. జీన్ రోగైర్ అను విదేశీయపండితుఁడు పల్నాడునకు వచ్చి, వీరవిద్యావంతులు పాడు కథను విని, ఆంగ్లమున అనువదించి 1982లో గ్రంథముగా ప్రకటించెను. చలనచిత్రముగా 1947లో ఒకమాఱు, 1966లో మఱియొకమాఱు వచ్చినది; మొదటిదానిలో కన్నాంబగారును రెండవదానిలో భానుమతిగారును నాగమ్మ పాత్రము ధరించిరి. ఇంతమంది పాడిన కథలో, ఇంతమంది చూచిన చిత్రములలో, ఓడిన పుంజు గతి యేమైనదని అడిగినవారిని మేమెఱుఁగము. రాజుపాలెపు సోదరి అడిగినది.

చిరంజీవి చదువు ఎట్టిదో జాబులో కొంత యున్నది. ఒక జనసంఘములో చేరి, వారితో కలసి బ్రదికి, వారి పెండ్లిని పేరంటమును, ఆటను పాటను వారు తలఁచునట్లే గ్రహించు శాస్త్రమునకు మానవశాస్త్రమని పేరు. ఆ పనినే కలముతో గాక ఛాయాచిత్రములతోను చలనచిత్రములతోను చేసినచో దృశ్యమానవశాస్త్ర మందురు. ఈ మార్గమునకు తొలుత బాట వేసినవారిలో మార్గరెట్ మీడ్ అను విదుషీమణి యొకరు. ఆమెయు, ఆమె భర్త గ్రెగరీ బేట్సనును 1936 మొదలు బాలిద్వీపములో నుండి దాదాపు 25,000 ఛాయాచిత్రములను, 22,000 అడుగుల ఫిల్మును తీసిరి. వానిలోనుండి 759 చిత్రములను ఏఱి 1942లో గ్రంథము వెలువరించిరి. తల్లి బిడ్డను ఎట్లెత్తుకొనును, ఎట్లు నీళ్లుపోయును, ఎప్పుడు విసుగుకొనును అను సంగతులు శాస్త్రమునకు తగిన వస్తువులని లోకమునకు చూపిన గ్రంథములలో నదియొకటి. మన పెరటిపనులను అల్పములనుకొనువారు దీనిని గమనింపవలెను.

అదే ద్వీపమునకు 1958లో గీర్ట్జు దంపతులు పోయిరి. గ్రామస్థులు వారిని కన్నులెదుట నున్నను లేనట్లే చూచిరఁట. ఒకనాఁడు కోడిపందెము జరుగుచుండగా పోలీసులు వచ్చి పడిరి. ఆ దేశములోను పందెము నిషిద్ధమే. జనులు పరుగెత్తగా దంపతులును వారితోపాటు పరుగెత్తి ఒక యింటి ముంగిట దూరిరి. ఆ యిల్లాలు ఇట్టివి ఎన్ని చూచినదో యేమో, క్షణములో బల్ల వేసి గుడ్డ పఱచి కుర్చీలును తేనీటి గిన్నెలును అమర్చినది! పోలీసులు వచ్చునప్పటికి అందఱును తీఱికగా తేనీరు త్రాగుచున్నారు. నాఁటినుండి ఊరు ఆ దంపతులను తనవారిగా నెంచినది. క్లిఫర్డ్ గీర్ట్జుగారు 1972లో ప్రకటించిన వ్యాసము లోకప్రసిద్ధము. అచటివారు పుంజుపై ఒడ్డునది డబ్బును మించినది, తమ పరువు, తమ హోదా యని ఆయన నిరూపించెను. సంక్రాంతినాఁడు మన మగవారి ముఖములు చూచినవారికి అది ఎంత నిజమో తెలియును. అయినను ఆ వ్యాసము చదివిన మాకు ఒక కొఱఁత తోఁచినది. అందు పుంజు మనుష్యునికి గుఱుతు. పుంజు పుంజుగా ఏమి పడుచున్నదో అది విచారణలోనికి రాలేదు. తేనీరు అమర్చిన యిల్లాలికి ఆ పందెమును గూర్చి ఏమనిపించెనో అదియు రాలేదు. రాజుపాలెపు జాబులో నున్నవి ఈ రెండే: పుంజు, ఇల్లాలు.

కావున ఆ కుఱ్ఱవాఁడు పట్టిన పని మంచిదే. కాని కెమెరా పట్టినంతమాత్రమున దయ పుట్టునా? నేఁడు పందెమునకు పోవు ప్రతివాని చేతిలోను చిత్రము తీయు ఫోనున్నది. గోదావరిజిల్లాలలో కొన్ని బరులయొద్ద వెనుకవరుసవారికి కనఁబడుటకై పెద్దతెఱలే కట్టుదురు. అదే కత్తి, అదే నెత్తురు. చూచువారు ఈలలు వేయుదురు. చావును మాత్రము కత్తిరించి పంచినచో పందెగాండ్రే మొదట కొనియాడుదురు. దయగలవారు కన్నులు మూసికొందురు. ఇరువురిలో ఒక్కరును మాఱరు. ఇంకొక వింత యున్నది. కథాచిత్రములో జంతువును చూపవలెనన్న జంతుసంక్షేమమండలి యనుమతి కావలెను. ఏ జంతువునకును హాని కలుగలేదని తెఱపై చెప్పుకొనవలెను. తోటలో నిజముగా చచ్చుచున్న పుంజును చిత్రించి పంచువానిని మాత్రము అడుగువారు లేరు.

చట్టము లేకపోలేదు. దానికి బీజము నాటినది ఒక స్త్రీయే. నాట్యకళావిదుషి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సభ్యురాలై 1953లో జంతుహింసానివారణకు బిల్లు తెచ్చిరి. నెహ్రూగారు ప్రభుత్వమే చట్టము చేయునని చెప్పగా ఆమె దానిని ఉపసంహరించుకొనిరి, 1960లో చట్టమైనది, 1962లో ఏర్పడిన జంతుసంక్షేమమండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. జంతువులను ఒకదానిపై నొకటి పోరునకు పురికొల్పుటయు, అట్టి పోరునకు స్థలమిచ్చుటయు ఈ చట్టము ప్రకారము నేరములు. మొదటి తప్పునకు అందు వ్రాసిన జరిమానా పది రూపాయలకు తగ్గక యేఁబదికి మించక! లక్షలు ఒడ్డు బరిలో ఈ యేఁబది యెవరిని భయపెట్టును? జూదమునకు 1974నాఁటి చట్టము వేఱుగా నున్నది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు పందెములను అరికట్టవలసినదని గట్టిగా నాజ్ఞాపించెను. పిదప వచ్చిన సంక్రాంతులు ఎట్లు జరిగినవో సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు.

చిత్రమునకు న్యాయస్థానములో బలము లేదని మేమనుట లేదు. తమిళదేశపు జల్లికట్టును గూర్చి 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, మండలి పంపిన పరిశీలకులు చిత్రములతో సహా సమర్పించిన నివేదికలను న్యాయమూర్తులు ఆధారముగా గైకొనిరి. తోకలు మెలిపెట్టుట మొదలగు వానిని తీర్పులో వివరించి ఆటను నిషేధించిరి. పిదప జనులు వీథికెక్కిరి, రాష్ట్రములు చట్టములు సవరించినవి, 2023లో రాజ్యాంగధర్మాసనము ఆ సవరణలను సమర్థించెను. చిత్రము న్యాయమూర్తిని కదల్చినది. ఎద్దును పెంచిన రైతును కదల్చలేదు. మాకు తోఁచిన కారణము, ఆ చిత్రములు రైతునకు చూపుటకు తీసినవి కావు, రైతుమీఁద చూపుటకు తీసినవి.

దీనికి భిన్నమైన కథ కేరళలోని పాంజాల్ గ్రామమున 1975లో జరిగినది. హాలండుదేశపు పండితులు ఫ్రిట్స్ స్టాల్‌గారును, చిత్రదర్శకుఁడు రాబర్ట్ గార్డ్నరుగారును నంబూద్రి బ్రాహ్మణులచే అగ్నిచయనమను పురాతనయాగమును జరిపించి చిత్రింప సంకల్పించిరి. అందు మేకలను బలి యిచ్చుట విధి. వార్త ప్రాఁకగానే దేశములో ఆందోళన పుట్టినది. యాగము మానలేదు, చిత్రమును మానలేదు. మేకలకు బదులుగా అన్నపుముద్దలను అరఁటాకులలో చుట్టి వానినే పశువులుగా నెంచి క్రతువు ముగించిరి. 1976లో చిత్రము వెలువడెను. శాస్త్రము తెలిసిన పెద్దలే అందుల కొప్పిరి. మన యిండ్లలో గృహప్రవేశమునాఁడు కొట్టు గుమ్మడికాయను, దిష్టి తీసిన నిమ్మకాయను తలఁచుకొనుఁడు. ప్రాణమునకు బదులు పిండినో పండునో ఉంచు నేర్పు మన వంటయిండ్లకు క్రొత్త కాదు. ఇచట కెమెరా చేసిన మేలు ఒకటి కలదు: మూల నెచ్చటనో జరిగిపోవు పని పదిమంది కన్నులయెదుట జరుగబోవుచున్నదని తెలిసినంతనే, చేయువారు తమ్ము తాము ప్రశ్నించుకొనిరి. చిత్రము పూర్తికాకముందే దాని ఫలము ఫలించినది.

కారెంపూడి కోడిపోరునకు ఇట్టి బదులు కుదురునా అని మేము చెప్పజాలము. అది అచటి ఆచారవంతులు చెప్పవలసినది. వారి వీరుల కథను పాడుటకు పుంజు ప్రాణము అవసరమా అను ప్రశ్నను వారియెదుట వినయముతో నుంచవచ్చును. ఉంచువాఁడు ముందుగా ఆ కథను వారివలె ప్రేమింపవలెను. 1947నాఁటి చిత్రములో బాలచంద్రుఁడై నటించినవారు అక్కినేని నాగేశ్వరరావుగారు. 1992లో హైదరాబాదులో మూగజీవులకొఱకు బ్లూక్రాస్ సంస్థను నెలకొల్పిన అమలగారు ఆ యింటి కోడలు. పల్నాటివీరుల కథయు, మూగజీవుల రక్షణయు ఒక్క గడపలో ఇముడుటకు చోటు లేకపోలేదని వ్రాయబోయి, ఇది చమత్కారమే గాని వాదము కాదని మాకే నవ్వు వచ్చినది.

మేము సోదరికి వ్రాసిన బదులులోని ముఖ్యమైన మాటలు ఇవి:

“సోదరీ, మీ చిరంజీవిని ముందుగా ఒక మాట అడుగుఁడు. పుంజు కాలికి కత్తి కట్టుచున్నప్పుడు ఆతఁడు కెమెరా వెనుక నుండెను. అది తన తల్లి పెంచిన పుంజని యెఱుఁగును. ‘బాబాయీ, వద్దు’ అని యొక్కమాఱైన ననెనా? చూచువాఁడు జోక్యము చేసికొనరాదని కొందఱు శాస్త్రజ్ఞు లందురు. జంతురక్షకుఁడు చేసికొనితీఱవలె ననును. రెండు టోపీలును ఒకే తలపై పెట్టుకొన్నవాఁడు ఆ క్షణమున ఏది తీసెనో తనకు తాను చెప్పుకొనవలెను. ఇది నిందకాదు, ఆతని చిత్రములో లేని దృశ్యము అదియొకటే యని మాకు తోఁచుచున్నది.

“చిత్రమును దాచవలదు. ఉన్నదున్నట్లు లోకముపై విసరను వలదు. మీ మఱిది ముఖము చూపిన పోలీసులు మీ మఱిదిని పట్టుకొందురు. తోటను అద్దెకిచ్చినవాఁడును, లక్షలు ఒడ్డినవాఁడును మఱుసటి భోగికి మఱియొక తోట వెదకుకొందురు. తోడికోడలి గొలుసు తిరిగిరాదు. ముఖములు మఱుగుపఱచవచ్చును; అది నేఁడు కష్టమైన పని కాదు.

“ఆతఁడు చావుతో ఆరంభింపక, చావుతో ముగింపక చిత్రమును కూర్పవలెను. మీరు గంప యెత్తి గింజలు చల్లుట, పెట్ట పొదుగుట, తాకట్టుకొట్టు చీటి, తోడికోడలి బోసిమెడ, ఇవి యేవియు పందెము కావని ఆతఁడు తీయలేదు. పందెమంతయు అక్కడనే యున్నది. పుంజు నేల గీఱిన ఆ రెండు నిమేషములను కత్తిరింపవలదు. ఎంత నిడివి యున్న నంత యుంచవలెను.

“మొదట ఎవరికి చూపవలెనన్న, చిత్రములో నున్నవారికే. జాన్ రూష్ అను ఫ్రెంచిదేశీయుఁడు 1951లో ఆఫ్రికాఖండమున నైజరునదిలో నీటియేనుఁగుల వేటను చిత్రించి, కొన్నేండ్లకు అదే గ్రామమునకు తిరిగిపోయి వేటగాండ్రకే చూపెను. వేట దృశ్యమునకు ఆయన చేర్చిన సంగీతమును వారు తప్పుపట్టిరి. నీటియేనుఁగునకు చెవి మిక్కిలి చుఱుకు, ఇంత చప్పుడైన అది పాఱిపోవును, వేటవేళ నిశ్శబ్దముండవలెనని! ఆ వేటగాండ్రకంటె ఆ జంతువును ఎఱిఁగినవారు లేరు. మీ మఱిదికిని పుంజు సంగతి మాకంటె ఎక్కువ తెలియును. దానికి వేడినీటి కాపడము పెట్టినవాఁడు, దాని రెక్క నిమిరినవాఁడు ఆయనయే గదా. ప్రేమించిన చేయియే కత్తి యెట్లు కట్టినదో ఆయన నోటనే వినవలెను. ఆయన యొప్పుకొన్న పిదప ఊరికి, ఆ పిదప లోకమునకు.”

పత్రిక అచ్చునకు పోవుటకు ముందుగా రెండవ జాబు వచ్చినది. చిరంజీవి సెలవుపై వచ్చి మిగిలిన దృశ్యములు తీసెనఁట. కత్తి కట్టుచున్నప్పుడు తాను మాటాడలేదని ఒప్పుకొని, ఆ మాటను తన గొంతుతోనే చిత్రములో చెప్పెనఁట. ఒక రాత్రి పెరటిలో దుప్పటి కట్టి, వీథిలోని ఆఁడువారిని పిలిచి చూపిరి. మఱిది గోడ కానుకొని వెనుక నిలుచుండెను. పుంజు నేల గీఱినచోట ఆయన నోరు మెదపలేదు. కత్తి కట్టుచున్న చోట మాత్రము, “దారం చుట్టేది సగమే తీశావురా అబ్బాయ్” అనెను. తోడికోడలు, గొలుసుపై వడ్డీ ఎంతైనదని అందఱియెదుట అడిగినది. ఆయన బదులు చెప్పక వెడలిపోయెను; రెండుదినములు అన్నగారి గడప త్రొక్కలేదు. మూఁడవనాఁడు వచ్చి, తన ముఖము కప్పనక్కఱలేదని చిరంజీవితో చెప్పెనఁట. అది పశ్చాత్తాపమో, తెఱపై కనఁబడు సరదాయో తెలియుట లేదని సోదరి వ్రాసినది. ముఖము కప్పియే యుంచవలసినదని మేము మరల వ్రాసితిమి.

పెట్ట మరల పొదుగుచున్నదఁట, పదునొకండు గ్రుడ్లు. కార్తికమునకు కారెంపూడి పోవలెనని చిరంజీవి కళాశాలలో సెలవు అడిగియున్నాఁడు. వెంట రమ్మని తల్లిని పిలిచెను. ఆమె యింకను సరేయని చెప్పలేదు.